ఒక ఊరి జట్టు, ఒక్కడి పెత్తనం

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి రాసేవాళ్లు విసుగు లేకుండా చెప్పే కథ ఒకటుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే చిన్న ఊరి జట్టు ప్యాకర్స్. 1958లో ఆ జట్టు 12 ఆటలాడి ఒక్కటి గెలిచింది, 10 ఓడింది, ఒకటి సమం చేసుకుంది. మరుసటి ఏడు విన్స్ లొంబార్డీ అనే కొత్త హెడ్ కోచ్ వచ్చాడు. వచ్చీ రాగానే అందరికీ చెమటలు పట్టించాడు, ఓటమికి అలవాటు పడ్డ కుర్రాళ్లలో గెలుపు మీద ఆకలి పుట్టించాడు. ఆ సీజన్‌లో వాళ్లు 7 గెలిచి 5 ఓడారు. 1961 నుంచి 1967 వరకు 7 సీజన్లలో 5 సార్లు ఛాంపియన్లయ్యారు. సూపర్ బౌల్ గెలిచిన జట్టు ఎత్తి చూపే వెండి ట్రోఫీకి ఇవాళ లొంబార్డీ పేరే ఉంది. కథ వినసొంపుగా ఉంది, అబద్ధమూ కాదు. కాకపోతే సగమే చెబుతుంది. 1959లో గ్రీన్ బేలో ఆటగాళ్ల మనసుల కన్నా ముందు మారింది పెత్తనం. మంచి ఆటగాళ్లు అప్పటికే అక్కడున్నారు. కొత్త మైదానం ఉంది. జట్టు వెనక ఊరి పూచీ ఉంది. వీటన్నిటినీ ఒక్క నిర్ణయం కింద నడిపే అధికారమే లేదు. ఆ అధికారాన్ని ఊరు కావాలనే ఒక మనిషి చేతిలో పెట్టింది. ఆ ఏటి గెలుపోటములను అక్కడి నుంచి చదివితేనే లెక్క కుదురుతుంది.

క్రికెట్‌కు అలవాటు పడ్డ కళ్లకు ఈ ఆటలో కోచ్‌కు ఎందుకింత ప్రాముఖ్యమో వెంటనే బోధపడదు. క్రికెట్‌లో టాస్ వేసేది, బౌలర్‌ను మార్చేది, ఫీల్డర్లను నిలబెట్టేది కెప్టెన్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతికి దొరికిన జట్టుకు 4 ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలన్న షరతు ఉంటుంది. ప్రతి ప్రయత్నంలోనూ 11 మందిలో ఎవడు ఎటు కదలాలో ముందే రాసిపెట్టుకున్న పథకం ఉంటుంది. దాడికి ఒక దళం, దాన్ని ఆపడానికి వేరే దళం. లొంబార్డీ కాలంలో తర్వాతి ఎత్తు ఏమిటో మైదానంలో చెప్పేవాడు క్వార్టర్‌బ్యాకే అయినా, అతను ఎంచుకునే ఎత్తులన్నీ వారమంతా కోచ్ నూరిపోసినవే. కాబట్టి కోచ్ చేతి రాత బాగుంటే ఆట బాగుంటుందనుకోవడం సహజమే. కానీ ఎవరిని జట్టులోకి తీసుకోవాలి, ఎవరిని అమ్మాలి, ఎవరికెంత జీతమివ్వాలి అన్నవి కోచ్ పని కాదు, జనరల్ మేనేజర్ పని. ఈ రెండు కుర్చీల మధ్య దూరం ఎంతుందన్నదే గ్రీన్ బే చరిత్ర పొడుగునా అసలు తగువు.

ఆ తగువు అర్థం కావాలంటే జట్టు పుట్టుకకు వెళ్లాలి. 1919లో కర్లీ లాంబో, పత్రికా విలేఖరి జార్జ్ విట్నీ కాల్హూన్ కలిసి జట్టు కట్టారు. లాంబో పనిచేసే మాంసం ప్యాకింగ్ కంపెనీ చొక్కాలకు 500 డాలర్లిచ్చింది. ప్యాకర్స్ అన్న పేరు అక్కడిదే. 1921లో జట్టు వృత్తి లీగులో చేరింది. ఆ రోజుల్లో చిన్న ఊళ్ల జట్లు చాలా ఉండేవి, ఒక్కొక్కటే మూతపడ్డాయి. గ్రీన్ బే మాత్రం 1923లో ఊరి జనానికి వాటాలమ్మి నిలబడింది, 1935లో మరోసారి వాటాలమ్మింది, 1950లో ఒక్కో వాటా 25 డాలర్ల చొప్పున అమ్మి దాదాపు 1,18,000 డాలర్లు పోగేసింది. ఈ వాటాలకు డివిడెండ్ లేదు. జట్టు ఎప్పుడైనా అమ్ముడుపోతే వచ్చే సొమ్ము వాటాదార్లకు కాదు, స్థానిక మాజీ సైనికుల సంఘానికి పోవాలని అప్పటి నియమం. అంటే లాభం కోసం జట్టును పెద్ద నగరానికి తరలించే యజమాని పుట్టే దారే మూసేశారు. లాంబో ఈ జట్టుకు 1949 వరకు కోచ్‌గా ఉండి 6 ఛాంపియన్‌షిప్‌లు తెచ్చాడు. ఆటగాళ్లను వెతకడం, బేరమాడడం అన్నీ అతని చేతి మీదుగానే సాగేవి.

చివరి సంవత్సరాల్లో లాంబో చెయ్యి దుబారా అయింది. 1946లో ఊరికి దూరంగా రాక్‌వుడ్ లాడ్జ్ అనే బంగళా కొనిపించి జట్టును అక్కడ ఉంచాడు. గెలుపులు తగ్గాయి, అప్పులు పెరిగాయి. 1950 జనవరిలో ఆ బంగళా కాలిపోయి, వచ్చిన 75,000 డాలర్ల బీమా సొమ్ము జట్టును కొన్నాళ్లు బతికించిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. లాంబో షికాగోకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత డైరెక్టర్ల కార్యవర్గం పగ్గాలు తన చేతిలోకి తీసుకుంది. తర్వాతి కోచ్‌లు వారం వారం ఆ పెద్దమనుషుల ముందు కూర్చుని, ఫలానా ఆటలో ఫలానా వాణ్ని ఎందుకు ఆడించావన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చేది. ఆ పెద్దమనుషులను వ్యాపారులు, వకీళ్లు, ఆట తెలియనివాళ్లు అని ఎగతాళి చేయడం చరిత్రకారులకు అలవాటు. నాకది అన్యాయమనిపిస్తుంది. ఒక్క మనిషికి అన్నీ అప్పగిస్తే ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూశారు. వాళ్ల అనుమానానికి కారణముంది. మందే రోగంగా మారింది, అంతే. 1950ల్లో జీన్ రొన్జానీ, లైల్ బ్లాక్‌బర్న్, స్కూటర్ మెక్‌లీన్ ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్లారు. బ్లాక్‌బర్న్ 4 ఏళ్లలో 17 గెలిచి 31 ఓడాడు.

ఇదే దశకంలో, ఇదే కార్యవర్గం కింద, రెండు పెద్ద పనులు జరిగాయి. లొంబార్డీ కథలో వీటికి చోటుండదు. మొదటిది స్టేడియం. పాత మైదానం చాలదు, కొత్తది కట్టకపోతే ఆటలన్నీ అదే రాష్ట్రంలోని మిల్వాకీ నగరానికి పోతాయని లీగు ఒత్తిడి తెచ్చింది. 1956 ఏప్రిల్‌లో ఊరి వోటర్లు మూడింట రెండు వంతులకు పైగా మద్దతుతో 9,60,000 డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. అందులో సగం జట్టు అద్దె రూపంలో తీర్చాలని ఒప్పందం. 1957 సెప్టెంబరులో 32 వేల మందికి పైగా పట్టే సిటీ స్టేడియం తెరుచుకుంది. ఇవాళ లాంబో ఫీల్డ్ అని పిలిచేది దాన్నే. జనాభా 60 వేలు దాటిన ఊరికి ఇది చిన్న సాహసం కాదు. ఊళ్లో ప్రతి ఇద్దరిలో ఒకరు వచ్చి కూర్చున్నా నిండే స్టేడియం అది. లొంబార్డీ వచ్చేనాటికి ఆ సీట్ల డబ్బు రెండు సీజన్లుగా జట్టు పెట్టెలో పడుతోంది.

రెండోది జాక్ వైనిసి చేసిన పని. షికాగో కుర్రాడు, రొన్జానీ వెంట 1950లో 23 ఏళ్ల వయసులో గ్రీన్ బేకు వచ్చి, దేశంలోని కాలేజీ ఆటగాళ్ల వివరాలు నోటు పుస్తకాల నిండా రాసుకుంటూ కూర్చున్నాడు. లీగులో ఆటగాళ్లను పంచే పద్ధతి పేరు డ్రాఫ్ట్: కాలేజీ వదిలిన వాళ్లను జట్లు వంతుల వారీగా ఎంచుకుంటాయి, ముందటి ఏడు బాగా ఓడిన జట్టుకు ముందు వంతు. ఈ ఆలోచన బెర్ట్ బెల్ అనే ఆయనది, 1936లో మొదలైంది. ఏళ్ల తరబడి ఓడుతున్న గ్రీన్ బేకు ఏళ్ల తరబడి మంచి వంతులు దొరికాయి. కానీ మంచి వంతు దొరకడం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. 1956 డ్రాఫ్ట్‌లో ఫారెస్ట్ గ్రెగ్ రెండో రౌండ్‌లో వచ్చాడు; బార్ట్ స్టార్ 17వ రౌండ్ దాకా ఎవరికీ అక్కరలేక మిగిలి, 200వ వాడిగా వచ్చాడు. 1957లో పాల్ హార్నుంగ్, రాన్ క్రేమర్. 1958లో వరసగా డాన్ కరీ, జిమ్ టేలర్, రే నిట్స్కీ, జెర్రీ క్రేమర్. నాలుగు రౌండ్లలో నలుగురు, నలుగురూ తర్వాతి ఛాంపియన్ జట్లకు స్తంభాలు. ఒక్క డ్రాఫ్ట్‌లో ఇంత పంట ఆ లీగులో అరుదు. ఇంకా విచిత్రమేమిటంటే, 1-10-1తో చెత్త రికార్డు మిగిల్చిన ఆ 1958 జట్టులో తర్వాత ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కిన వాళ్లు 9 మంది ఉన్నారు: స్టార్, గ్రెగ్, హార్నుంగ్, టేలర్, నిట్స్కీ, జెర్రీ క్రేమర్, జిమ్ రింగో, బాబీ డిలన్, లెన్ ఫోర్డ్. వీళ్లలో ఒక్కణ్ని కూడా లొంబార్డీ తేలేదు. 1959 సీజన్‌లో మెరిసిన కొత్త కుర్రాడు బాయిడ్ డౌలర్‌ను కూడా అతను రాక ముందే ఎంచుకున్నారు.

ఇక్కడే గట్టి అభ్యంతరం లేస్తుంది. సరే, ఆటగాళ్లు ముందే ఉన్నారు. అయితే అదే ఆటగాళ్లతో మెక్‌లీన్ ఒక్క ఆట గెలిచాడు, లొంబార్డీ ఏడు గెలిచాడు, తేడా కోచే కదా? ఈ వాదన బలమైనదే, తోసెయ్యడానికి వీల్లేదు. మెక్‌లీన్ మంచివాడు, ఆటగాళ్లతో పేకాట కూడా ఆడేవాడు. క్రమశిక్షణ వాళ్లకే వదిలేశాడు. 1958 నవంబరులో బాల్టిమోర్ కోల్ట్స్ చేతిలో 56-0తో ఓడిన జట్టులో క్రమశిక్షణ లేదని ఎవరికైనా తెలుస్తుంది. టేలర్‌ను సీజన్ చివరి దాకా దాదాపు బెంచీ మీదే కూర్చోబెట్టాడు. ఇవి కోచ్ తప్పులే. అయినా రెండు మాటలు గుర్తుంచుకోవాలి. టేలర్, నిట్స్కీ, జెర్రీ క్రేమర్‌లకు 1958 మొదటి ఏడు. ఈ ఆటలో మొదటి ఏటికీ రెండో ఏటికీ మధ్య ఎదుగుదల పెద్దది, అది ఏ కోచ్ ఉన్నా కొంత జరుగుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. 1959లో ఆడింది అదే జట్టు కాదు. అందులో కొత్తగా వచ్చినవాళ్లు ఎవరు, ఎలా వచ్చారన్నది చూస్తే కోచ్ లొంబార్డీ కన్నా జనరల్ మేనేజర్ లొంబార్డీ ఎక్కువ కనిపిస్తాడు.

బ్రూక్లిన్‌లో 1913లో పుట్టిన లొంబార్డీ, ఫోర్డమ్ యూనివర్సిటీ జట్టులో గార్డ్‌గా ఆడి, న్యూజెర్సీలో ఒక కేథలిక్ హైస్కూల్లో పాఠాలు చెబుతూ కోచ్ అయ్యాడు. తర్వాత వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో రెడ్ బ్లేక్ దగ్గర పనిచేశాడు. 1954 నుంచి 5 ఏళ్లు న్యూయార్క్ జెయింట్స్ దాడి దళాన్ని నడిపాడు. 45 ఏళ్లొచ్చినా హైస్కూలు దాటి ఎక్కడా హెడ్ కోచ్ కాలేదు. వైనిసి పట్టుబట్టి అతని పేరు ముందుకు తెచ్చాడు. అదే సమయంలో లాంబో కూడా జనరల్ మేనేజర్‌గా తిరిగి రావాలని ప్రయత్నించాడు. ఊళ్లో అతనికి అభిమానులు తక్కువేం కాదు. 1959 జనవరి చివర డైరెక్టర్లు లొంబార్డీని ఎంచుకున్నారు, 5 ఏళ్ల ఒప్పందం, రెండు కుర్చీలూ అతనివే. జట్టు విషయంలో తన మాటే చివరి మాట అని అతను మొదటి రోజే తేల్చి చెప్పాడు. అధ్యక్షుడు డొమినిక్ ఒలెనిచాక్, మిగతా పెద్దలు ఒప్పుకున్నారు. దశాబ్దం కిందట లాంబో చేతిలో నుంచి లాక్కున్నదాన్నే మళ్లీ ఒక బయటివాడికి ఇస్తున్నామని వాళ్లకు తెలుసు. ఆ ఏడు గ్రీన్ బేలో ఎవరైనా తెగింపు చూపించారంటే అది వాళ్లే అని నా అభిప్రాయం.

ఆ అధికారంతో అతను ముందు చేసిన పని శిబిరంలో కుర్రాళ్లను పరిగెత్తించడం కాదు, బేరాలు. జట్టులో పేరున్న బంతి పట్టేవాడు బిల్లీ హౌటన్. అతన్ని క్లీవ్‌లండ్‌కు పంపి, బిల్ క్విన్లన్‌ను, లూ కార్పెంటర్‌ను తెచ్చాడు. అదే జట్టు నుంచి హెన్రీ జోర్డన్‌ను ఒక డ్రాఫ్ట్ వంతుకు కొన్నాడు. తన పాత జట్టు జెయింట్స్ నుంచి ఎమ్లెన్ టన్నెల్‌ను రప్పించాడు; వయసు మీదపడ్డా రక్షణ దళానికి చదువు చెప్పగలవాడు, తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి నల్లజాతి ఆటగాడు. బాల్టిమోర్ నుంచి గార్డ్ ఫజ్జీ థర్‌స్టన్, షికాగో కార్డినల్స్ నుంచి క్వార్టర్‌బ్యాక్ లమార్ మెక్‌హాన్. రక్షణ నేర్పడానికి ఫిల్ బెంగ్‌ట్సన్‌ను శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పిలిచాడు. ఇప్పుడు లెక్క చూడండి. 1958లో గ్రీన్ బే 193 పాయింట్లు చేసి 382 ఇచ్చింది. 1959లో 248 చేసి 246 ఇచ్చింది. దాడి 55 పాయింట్లు మెరుగుపడితే రక్షణ 136 పాయింట్లు మెరుగుపడింది. లొంబార్డీ పేరు చెప్పగానే అందరూ తలుచుకునేది దాడి పద్ధతినే. కానీ మొదటి ఏడు జట్టును గట్టెక్కించింది రక్షణ, అందులో కీలకమైన కొత్త ముఖాలు బేరాల్లో వచ్చినవి. కార్యవర్గం చేతిలో పగ్గాలున్నప్పుడు, ఊరు అభిమానించే హౌటన్‌ను వేరే జట్టుకు పంపడానికి ఏ కోచ్‌కు అనుమతి దొరికేది?

దీనివల్ల కోచ్‌గా అతని గొప్పతనం తగ్గదు. అతనికి దక్కవలసిన ఘనత ఎక్కడిదో తెలుస్తుంది. వచ్చిన కొత్తలో అతను వారాల తరబడి పాత ఆటల ఫిల్ములు ముందుకూ వెనక్కూ తిప్పుతూ చూశాడు. హార్నుంగ్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్, దేశంలో అత్యుత్తమ ఆటగాడిగా హైస్మన్ ట్రోఫీ అందుకున్నవాడు. గ్రీన్ బేలో రెండేళ్లు అతన్ని ఎక్కడ ఆడించాలో ఎవరికీ తోచలేదు. లొంబార్డీ ఫిల్ములో చూసి, జెయింట్స్‌లో ఫ్రాంక్ గిఫర్డ్ చేసిన పని ఇతను చేయగలడని గుర్తించి, ఎడమ హాఫ్‌బ్యాక్‌గా స్థిరం చేశాడు. పరిగెత్తగలడు, పాస్ విసరగలడు, గోలు తన్నగలడు. 1959లో హార్నుంగ్ 94 పాయింట్లతో లీగులో అందరికన్నా పైన నిలిచాడు, మరుసటి ఏడు 176 పాయింట్లు చేశాడు, ఆ రికార్డు 2006 దాకా చెక్కుచెదరలేదు. అతని కోసం కట్టిన ఎత్తు స్వీప్. ఇద్దరు గార్డులు తమ చోటు వదిలి పక్కకు పరిగెత్తి దారి తెరుస్తారు, వెనకాల హార్నుంగ్ బంతితో వచ్చి ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ దూరతాడు. ఇందులో రహస్యమేమీ లేదు, ఎదుటి జట్టుకు ముందే తెలుసు. లొంబార్డీ దాన్ని వందసార్లు చేయించి, ఎదుటివాడు ఏం చేస్తే గార్డ్ ఏం చెయ్యాలో ఒక్కో అడుగూ విడదీసి చెప్పాడు. మెక్‌లీన్ దగ్గర పెద్ద పుస్తకమంత పథకాలుండేవి. లొంబార్డీ వాటిని తగ్గించాడు. పాఠాలు చెప్పినవాడి పద్ధతి అది: కొద్దిగా చెప్పు, తప్పు లేకుండా రానియ్యి. అరుపులు, పరుగులు, చెప్పిన వేళకు పావుగంట ముందు హాజరు కావాలన్న నియమం, ఇవన్నీ ఆ పద్ధతికి పైపూత.

సీజన్ నడిచిన తీరు కూడా ఒక్కసారిగా మహిమ జరిగిన జట్టులా లేదు. సెప్టెంబరు 27న షికాగో బేర్స్‌తో మొదటి ఆట. చివరి దాకా 6-0 వెనకబడి, తాము తన్ని పంపిన బంతిని, అంటే పంట్‌ను, బేర్స్ జారవిడిస్తే అందుకుని, టేలర్ పరుగుతో ముందుకెళ్లి 9-6తో గెలిచారు. ఆటగాళ్లు లొంబార్డీని భుజాల మీద మోశారు. డెట్రాయిట్ మీద 28-10, శాన్‌ఫ్రాన్సిస్కో మీద 21-20. ఆ మూడో గెలుపు రోజునే, అక్టోబరు 11న, డ్రాఫ్ట్‌కు మూలపురుషుడైన బెర్ట్ బెల్ ఫిలడెల్ఫియాలో ఆట చూస్తూ కన్నుమూశాడు. తర్వాత వరసగా 5 ఓటములు: లాస్ ఏంజెలిస్ చేతిలో 45-6, బాల్టిమోర్ చేతిలో 38-21, న్యూయార్క్ చేతిలో 20-3, షికాగో చేతిలో 28-17, మళ్లీ బాల్టిమోర్ చేతిలో 28-24. ధైర్యం నూరిపోయడంతోనే పని జరిగి ఉంటే ఈ అయిదు వారాలను ఎలా చెప్పుకోవాలి? మెక్‌హాన్‌కు గాయమైంది, స్టార్‌కు అవకాశమొచ్చింది. చివరి 4 ఆటలు స్టార్ చేతి మీదుగా గెలిచారు: వాషింగ్టన్ మీద 21-0, డెట్రాయిట్ మీద 24-17, లాస్ ఏంజెలిస్ మీద 38-20, శాన్‌ఫ్రాన్సిస్కో మీద 36-14. మొత్తం మీద చేసినవి 248, ఇచ్చినవి 246. అంటే ఇది సగటు జట్టు, అంతకన్నా కాదు. ఒక పాయింటు తేడాతో గెలిచిన ఆట, ఒక జారిన పంటు అటుదిటయితే 5-7 అయి ఉండేది, అప్పుడు లొంబార్డీకి ఆ ఏటి ఉత్తమ కోచ్ గౌరవం దక్కేది కాదు. కానీ అదృష్టమే అని కొట్టిపారేయలేం; 1958 నాటి జట్టుకు 189 పాయింట్ల లోటుంది, అది ఒక్క ఏడాదిలో పూడింది. 1947 తర్వాత గెలుపులు ఎక్కువున్న మొదటి సీజన్ ఇదే.

పెత్తనానికి ఒక వెల ఉంది, దాన్ని చెల్లించింది ఆటగాళ్లు. ఆ రోజుల్లో ఆటగాడు ఒక జట్టుకు చేరితే దాని సొత్తే, ఒప్పందం అయిపోయినా తనిష్టం వచ్చిన చోటికి పోలేడు. జీతం బేరమాడేది జనరల్ మేనేజర్. ఎవర్ని ఆడించాలో తేల్చేది కోచ్. గ్రీన్ బేలో రెండూ ఒకే మనిషి. ఇక ఆటగాడు ఎవరితో వాదించాలి? మరో జట్టుకు పంపిన హౌటన్ ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడు కూడా. అప్పటికి ఆ సంఘానికి జట్ల యజమానులను కదిలించేంత బలం లేదు. లొంబార్డీ క్రమశిక్షణను పొగిడేటప్పుడు, దాన్ని కాదనే స్వేచ్ఛ ఎవరికీ లేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ 1958 చెత్త రికార్డు పుణ్యమా అని వచ్చిన మొదటి వంతుతో గ్రీన్ బే ఎంచుకున్న క్వార్టర్‌బ్యాక్ రాండీ డంకన్‌కు మాత్రం ఒక దారి దొరికింది: అతను కెనడా లీగుకు వెళ్లిపోయాడు. మిగతా వాళ్లకు పారిపోవడానికి సరిహద్దు అవతల కూడా చోటు తక్కువే.

ఈ వాదనను పరీక్షించడానికి చరిత్ర మనకు రెండు ప్రయోగాలు మిగిల్చింది. 1968లో లొంబార్డీ కోచ్ పదవి వదిలి జనరల్ మేనేజర్‌గా మాత్రమే ఉన్నాడు. 9 ఏళ్లుగా రక్షణ దళాన్ని నడిపిన బెంగ్‌ట్సన్‌ను కోచ్ చేశాడు. మనుషులు వాళ్లే, పథకాలు వాళ్లవే, జట్టు 6-7-1. వయసు మీదపడిన జట్టన్నది నిజమే. అయినా ఒక కుర్చీ ఖాళీ చేసి పక్కన కూర్చోవడం లొంబార్డీకే నచ్చలేదు. 1969లో వాషింగ్టన్‌కు వెళ్లినప్పుడు అతను కోచ్ పదవితోపాటు కార్యనిర్వాహక ఉపాధ్యక్ష పదవి, జట్టులో వాటా కూడా తీసుకున్నాడు. ముందటి ఏడు 5-9గా ఉన్న జట్టు అతని చేతిలో 7-5-2 అయింది. 1955 తర్వాత వాషింగ్టన్‌కు అది మొదటి గెలుపు సీజన్. ఇది నా వాదనకు కొంత ఎదురు సాక్ష్యమే: వైనిసి లేడు, గ్రీన్ బే లేదు, అయినా మొదటి ఏడు దాదాపు అదే ఫలితం. మనిషిలో విషయముందని ఒప్పుకుంటాను. కానీ అక్కడా అతను వాడింది అదే పరికరం, సగం అధికారం కాదు. 1970 సెప్టెంబరు 3న కేన్సర్‌తో పోయాడు కాబట్టి రెండో ఏడు ఏమయ్యేదో చెప్పలేం.

ఊరు మాత్రం ఈ పాఠాన్ని తప్పుగా చదువుకుంది. పెత్తనం ఒక చేతిలో పెడితే చాలు, గెలుపు దానంతటదే వస్తుందనుకుంది. లొంబార్డీ వెళ్లగానే బెంగ్‌ట్సన్‌కు రెండు కుర్చీలూ ఇచ్చారు. కోచ్‌గా మొత్తం 3 సీజన్లలో అతనికి మిగిలింది 20-21-1. 1971లో డాన్ డివైన్‌కు అలాగే ఇచ్చారు. 1972లో 10-4తో ఆశపెట్టిన ఆయన, 1974 అక్టోబరులో లాస్ ఏంజెలిస్ నుంచి 34 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్ జాన్ హాడ్ల్‌ను కొనడానికి తర్వాతి రెండేళ్ల డ్రాఫ్ట్‌ల నుంచి 5 వంతులు ధారపోశాడు. సీజన్ అయ్యాక నోటర్ డామ్ యూనివర్సిటీ జట్టుకు వెళ్లిపోయాడు, బాకీ జట్టుకు మిగిలింది. ఆ బాకీతో వచ్చినవాడు బార్ట్ స్టార్. ఊరికి అతనికన్నా ప్రియమైనవాడు లేడు. 1980 దాకా రెండు పదవులూ, ఆపైన కోచ్ పదవి, మొత్తం 9 సీజన్లలో 52-76-3. అతని తర్వాత ఇంకో లొంబార్డీ శిష్యుడు గ్రెగ్ వచ్చాడు, అతనూ నెగ్గలేదు. 1968 నుంచి 1991 వరకు 24 సీజన్లలో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్నవి అయిదే. వీళ్లందరికీ 1959 నాటి అధికారం దొరికింది, 1959 నాటి ఆటగాళ్లు దొరకలేదు. వైనిసి 1960 నవంబరు 27న, 33 ఏళ్లకే గుండె జబ్బుతో చనిపోయాడు. మరో మూడు వారాలకు జట్టు పశ్చిమ విభాగం గెలిచింది, డిసెంబరు 26న ఫైనల్లో ఫిలడెల్ఫియా చేతిలో 17-13తో ఓడింది. గెలుపును అనుభవించిన తరానికి కోచ్ ముఖమే గుర్తుంది, నోటు పుస్తకాలు గుర్తు లేవు.

ఇంత జరిగాక, 1991 నవంబరు చివర, అధ్యక్షుడు బాబ్ హార్లన్ రాన్ వుల్ఫ్‌ను జనరల్ మేనేజర్‌గా తెచ్చి, జట్టు విషయంలో కార్యవర్గం వేలు పెట్టదని మాటిచ్చాడు. వుల్ఫ్ కోచ్ కాదు. 1963 నుంచి కాలేజీ ఆటగాళ్లను వెతకడమే అతని వృత్తి. కోచ్‌గా మైక్ హోమ్‌గ్రెన్‌ను వేరే పెట్టుకున్నాడు. అట్లాంటాలో బెంచీ మీదున్న బ్రెట్ ఫావ్‌ర్‌ను ఒక మొదటి రౌండ్ వంతిచ్చి తెచ్చాడు. 1993లో ఆటగాళ్లకు ఇష్టమైన జట్టుకు వెళ్లే హక్కు రాగానే, పేరున్న నల్లజాతి ఆటగాళ్లెవరూ ఆ చలి ఊరికి రారన్న మాటను తోసిపుచ్చి రెజ్జీ వైట్‌ను ఒప్పించాడు. ముందటి ఏడు 4-12గా ఉన్న జట్టు హోమ్‌గ్రెన్ మొదటి సీజన్ 1992లో 9-7 అయింది. 1997 జనవరి 26న న్యూ ఇంగ్లండ్ మీద 35-21తో సూపర్ బౌల్ గెలిచింది. 1967 సీజన్ తర్వాత గ్రీన్ బేకు వచ్చిన మొదటి ఛాంపియన్‌షిప్ అది.